ముప్పయ్యో రాయి

"నీ వాచీ అబద్ధాలాడుతోంది."

కిగెన్ తలెత్తాడు. కొట్టు గుమ్మంలో ఒక అమ్మాయి. మోకాళ్ళ దాకా ఎర్రమట్టి, జుట్టు నిండా వాన చినుకులు, కళ్ళ నిండా కోపం. మొన్న అతను అమ్మిన నల్ల వాచీని పట్టీ కొసన పట్టుకుని, చచ్చిన ఎలుకని ఎత్తినట్టు ఎత్తి చూపిస్తోంది.

"అబద్ధాలాడే వయసు కాదమ్మా దానిది. పసిది."

"జోకులొద్దు. నేను పరిగెత్తింది ముప్పై కిలోమీటర్లు. ఇది ముప్పై ఒకటిన్నర చూపిస్తోంది."

"ఎక్కువ చూపించిందని గొడవకొచ్చిన మొదటి మనిషివి నువ్వే. ఈ ఊళ్ళో అందరూ తక్కువ చూపించిందని తిడతారు."

"ఎక్కువైనా తక్కువైనా అబద్ధం అబద్ధమే. మా నాన్న లెక్కల మాస్టారు."

ఆ ఆఖరి మాటతో తీర్పు అయిపోయినట్టు చూసింది. కిగెన్‌కి నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. నవ్వితే వాచీ మొహాన పడేట్టుంది. పైగా ఆ కోపం చూడడానికి బాగుంది, ఇంకాసేపు ఉంటే బాగుండుననిపించింది.

మా ఇతెన్ ఊరి వాళ్ళకి ఇందులో వింతేమీ లేదు. మా కొండ మీద మనిషి ఎదురైతే మొహం తర్వాత, ముందు మణికట్టు చూస్తారు. తెల్లారేసరికి ఎర్రమట్టి రోడ్ల మీద గుంపులు గుంపులుగా పరుగు. ఆ తర్వాత పాలు ఎక్కువ పోసి మరిగించిన టీ. ఆ టీ దగ్గర ఎవరి వాచీ ఎంత చూపించిందని తగువు. పెళ్ళి సంబంధాల దగ్గర కూడా మావాళ్ళు అంత గొంతు చించుకోరు. బయటి దేశాల వాళ్ళు మా గాలి పీలిస్తే పరుగొస్తుందని వచ్చి, నెలో రెండు నెలలో ఉండి, పోయేటప్పుడు బూట్లూ వాచీలూ ఇక్కడే అమ్మేసి పోతారు. ఆ వాచీలన్నీ చివరికి చేరేది కిగెన్ కొట్టుకే.

పొద్దున పూట కిగెన్ పని వేరు. అతను కుందేలు. పందెంలో అందరికంటే ముందు పరిగెత్తి, వెనకవాళ్ళకి వేగం చూపించి, ఆఖరి గీత ఇంకా దూరంగా ఉండగానే పక్కకి తప్పుకునేవాణ్ణి అలాగే అంటారు. గెలిచేవాళ్ళు వేరే ఉంటారు. "నీ బతుకంతా తప్పుకోవడమేనట్రా?" అని టీ కొట్టు ఆవిడ వెక్కిరిస్తే, "దారి చూపించేవాడికి గీతతో పనేంటి అత్తా" అనేవాడు. అనేవాడు గానీ, ఆ మాట అన్నాక టీ చల్లారిపోయేదాకా కప్పు ముట్టుకునేవాడు కాదు.

"ముందు నీకెలాంటి వాచీ కావాలో చెప్పు," అన్నాడు అమ్మాయితో. "గుండె లెక్కపెట్టేదా? నిద్ర లెక్కపెట్టేదా? పాటలు పాడేదీ ఉంది."

"దూరం చెప్పేది. ఉన్నది ఉన్నట్టు."

"ఇదిగో నీలం రంగుది. జర్మనీ అమ్మాయి వదిలి వెళ్ళింది. చాలా నిజాయితీపరురాలు."

"వాచీయా, అమ్మాయా?"

"ఇద్దరూ."

ఆ అమ్మాయి పెదవుల చివర ఏదో కదిలింది. వెంటనే దాన్ని దాచేసి, నీలం వాచీ లాక్కుని వెళ్ళిపోయింది.

మూడో నాడు మళ్ళీ గుమ్మంలో ప్రత్యక్షం. నీలం వాచీ కూడా ముప్పై ఒకటిన్నరే అంది. నారింజ రంగుది ఇచ్చాడు. మళ్ళీ వచ్చి అదీ అంతే అంది.

"నీ కొట్లో వాచీలన్నీ కూడబలుక్కున్నాయి," అందా అమ్మాయి బల్ల మీద చెయ్యి కొట్టి.

"వాచీల్ని నమ్మవు. నన్నైనా నమ్ము. రేపు నేనే వస్తాను, రెండు చేతులకీ రెండు కట్టుకుని. ఇంతకీ పేరేంటి?"

"జెరోప్."

"వానలో పుట్టావన్నమాట. అందుకే వచ్చినప్పుడల్లా తడిపేసి పోతున్నావు."

మావాళ్ళలో పేరు వింటే పుట్టిన తీరు తెలిసిపోతుంది. జెరోప్ అంటే వాన పడుతుండగా పుట్టిన పిల్ల. ఆమె కూడా ఊరుకోలేదు.

"నువ్వు?"

"కిగెన్."

"ఎదురుచూడగా ఎదురుచూడగా పుట్టినవాడివా? పాపం మీ అమ్మ," అని ఈసారి దాచుకోకుండా నవ్వింది.

*

జెరోప్ వాళ్ళ ఇల్లు ఊరికి దూరంగా, అడవి అంచున. వాళ్ళు ఊరి రోడ్ల మీద పరిగెత్తరు. వాళ్ళ నాన్న అరప్ తలాం మాస్టారు, తల్లి లేని ఇద్దరు పిల్లల్నీ తన కళ్ళ ముందే పరిగెత్తించాలని, ఇంటి గేటు దగ్గర మొదలై అడవి చుట్టూ తిరిగి మళ్ళీ గేటుకే వచ్చే దారి ఒకటి ఎంచుకున్నారు. కిలోమీటరుకొక రాయి పాతి సున్నం కొట్టారు. ముప్పయ్యో రాయి గేటు పక్కనే.

దారంతా మలుపులే. కిగెన్ ముందు, జెరోప్ వెనక.

"ఏయ్ కుందేలూ, మాటిమాటికీ వెనక్కి చూస్తావేంటి?"

"వస్తున్నావో లేదోనని."

"నా అడుగుల చప్పుడు వినపడట్లేదా?"

"వినపడుతోంది. అయినా చూడాలనిపిస్తోంది."

వెనక అడుగుల చప్పుడు కాస్త తడబడి మళ్ళీ సర్దుకుంది. కిగెన్‌కి అది చాలు, తర్వాత నాలుగు రాళ్ళూ గాల్లో తేలినట్టే పోయాయి.

సగం దారి దాటాక అడిగాడు. "ఇద్దరు పిల్లలన్నావు. రెండోవాళ్ళు పరిగెత్తరా?"

"మా అన్నయ్య. కిమేలి. నాకంటే ఎంతో బాగా పరిగెత్తేవాడు. నాన్న గీత పెట్టాడు, ఈ ముప్పై గంటా నలభై నిమిషాల లోపల వస్తే పరుగు నేర్పే క్యాంపుకి తనే తీసుకెళ్ళి చేరుస్తానని. మూడేళ్ళు పరిగెత్తాడు. ప్రతిసారీ కొంచెంలో పోయేది. ఇంకా తయారు కాలేదురా అనేవాడు నాన్న."

"తర్వాత?"

"తర్వాత విసుగొచ్చి గని లారీ ఎక్కాడు, డ్రైవరుగా. లోయలోకి దిగే దారిలో బ్రేకులు పట్టలేదు."

ముప్పయ్యో రాయి దగ్గర కిగెన్ చేతులు రెండూ చూసుకున్నాడు. కుడి చేయి ముప్పై ఒకటిన్నర అంది, ఎడమ చేయి అదే మాట.

మాస్టారు వాకిట్లోకి పిలిచి టీ పోయించారు. పొడుగాటి మనిషి, తెల్ల చొక్కా మెడ దాకా గుండీలు. కిగెన్ చేతుల మీది రెండు వాచీల్నీ బల్ల మీద వరసగా పెట్టించి కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఇద్దరూ ఒకే తప్పు రాశారంటే, ఒకళ్ళ పక్కన ఒకళ్ళు కూర్చుని కాపీ కొట్టారన్నమాట," అన్నారు. జెరోప్ పకపకా నవ్వింది. "ఆ రాళ్ళు నేను కొలిచి పాతానబ్బాయ్. మోటార్ సైకిల్ మీటరు చూసుకుంటూ. ఏమనుకున్నావు, ఆ ఏడాది వానలు వానలా? బురదలో బండి కదిలితే ఒట్టు. చర్చి ఫాదర్ పాత బండి ముందు చక్రం, నా దానికంటే కాస్త పెద్దది, అడిగి తెచ్చి నా బండికి తగిలించాను. అప్పుడు కదిలింది. పట్టు వదలకుండా ముప్పై రాళ్ళూ పాతి, వానలు తగ్గాక మళ్ళీ నా చక్రం నేను వేసుకున్నాను. అదిగో, ఇంకా వేలాడుతోంది చూడు."

కొట్టం గోడకి తుప్పు పట్టిన చక్రం వేలాడుతోంది. పక్కనే ఉన్న బండి చక్రం దానికంటే కాస్త చిన్నది.

కిగెన్ చేతిలో టీ కప్పు ఆగిపోయింది. అతని మేనమామ అద్దె మోటార్ సైకిల్ తిప్పుతాడు. ముందు చక్రం తిరిగిన చుట్లనే మీటరు లెక్కపెడుతుందని చిన్నప్పటి నుంచీ తెలుసు. పెద్ద చక్రం తక్కువ చుట్లు తిరుగుతుంది. మీటరు ఒక కిలోమీటరు అనే లోపల బండి కిలోమీటరు దాటిపోతుంది. రాయికి రాయికి మధ్య కొంచెం కొంచెంగా పెరిగి, ముప్పయ్యో రాయి దగ్గరకొచ్చేసరికి అది ఒకటిన్నర అయి కూర్చుంది.

మాస్టారు గేటు వైపు చూస్తూ ఇంకేదో చెబుతున్నారు. "మావాడు ఉండేవాడు. వాణ్ణీ ఇక్కడే నిలబడి చూసేవాణ్ణి. కింద ఆ మలుపు దగ్గర ఎర్ర చొక్కా కనిపించేసరికి గడియారంలో ఇంకా టైముండేది. ఎప్పుడూ ఉండేది. ఈ చివరి ఎత్తు మీదే పోగొట్టేవాడు. కాళ్ళు ఉండి ఏం లాభం, గుండె లేదు వాడికి." కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "సరే, చెప్పు. నా రాళ్ళు తప్పా, నీ వాచీలు తప్పా?"

కిగెన్ ఆయన మొహం వైపు చూశాడు. నిజం నాలుక చివరే ఉంది. ఆ నిజం బయటికొస్తే, మలుపు దగ్గరే గెలిచేసిన కొడుకుని ఇంకా పైకి పరిగెత్తించింది తనేనని ఈ ముసలాయనకి తెలిసిపోతుంది. తెలిశాక ఆయన ఎలా బతుకుతాడు?

"చెట్లు, మాస్టారూ," అన్నాడు. "అడవిలో చెట్ల కింద వాచీలకి తికమకగా ఉంటుంది. వేరేది చూస్తాను."

"అదీ సంగతి," అన్నారు మాస్టారు తృప్తిగా.

*

ఆ వారమే కిగెన్ జెరోప్‌కి నాలుగో వాచీ ఇచ్చాడు. బూడిద రంగుది, గట్టిది. ఇచ్చే ముందు అందులో ఒకటి మార్చాడు. ఈ వాచీలు క్షణక్షణం పైనున్న ఉపగ్రహాల్ని నేనెక్కడున్నానని అడుగుతుంటాయి. బ్యాటరీ పొదుపులో పెడితే ఎప్పుడో ఒకసారి అడిగి, మధ్యలో దారినంతా తిన్నగా గీత గీసేస్తాయి. మలుపులన్నీ ఎగిరిపోతాయి. మలుపుల దారిలో ముప్పై ఒకటిన్నర చక్కగా ముప్పై అయిపోతుంది.

"ఇదీ వాచీ అంటే!" అంటూ జెరోప్ గుమ్మంలోకి ఎగిరి దూకింది. "సరిగ్గా ముప్పై. నాన్న బడిలో మార్కులేసినట్టు దానికి వందకి వంద వేశాడు."

"నాకెన్ని వేస్తాడు?"

"నువ్వు పరీక్ష రాశావా?"

"రాద్దామనే చూస్తున్నా."

"ప్రశ్నపత్రం నా దగ్గరుంది," అని నాలుక కొరుక్కుని పారిపోయింది.

చూశారుగా, అబద్ధం ఎంత హాయిగా ఉంటుందో. ఆ వానాకాలమంతా కిగెన్ వారానికి రెండుసార్లు ఆ దారిలో ఆమెకి కుందేలయ్యాడు. పరుగయ్యాక బూట్లు కడుక్కుంటూ గేటు దగ్గర కూర్చుని ఒకళ్ళ మీద ఒకళ్ళు నీళ్ళు చల్లుకునేవాళ్ళు. జెరోప్ మొక్కజొన్న పిండితో చేసిన ఉగాలి ముద్ద, ఆకుకూర పెట్టి, "తిను, లేకపోతే గాలికి పోతావు" అనేది. తను తినకుండా అతను తినడం చూసేది. చేతులు తగిలితే ఇద్దరూ వాన గురించి మాట్లాడేవాళ్ళు.

కానీ ప్రతిసారీ ఆ కింది మలుపు దగ్గరకొచ్చేసరికి కిగెన్‌కి ఊపిరి అందేది కాదు. అక్కడికి ఆమె ముప్పై అయిపోయిందని అతనికొక్కడికే తెలుసు. చివరి ఎత్తు మీద ఆమె పళ్ళు బిగించి, ఏడుపు ఆపుకుంటూ ఎక్కేది. పైనుంచి మాస్టారు పాత గడియారం పట్టుకుని అరిచేవారు, "గుండె, జెరోప్, గుండె!" అని. కిగెన్ పక్కకి తప్పుకుని గడ్డిలో నిలబడి, తన పిరికితనాన్ని తనే తిట్టుకునేవాడు.

*

ఊళ్ళో ఆడపిల్లల క్యాంపుకి పరుగు పరీక్ష పెట్టి కొత్తవాళ్ళని ఎంచుకుంటున్నారని కబురొచ్చింది. ఆ సాయంత్రం జోరు వానలో జెరోప్ కొట్టుకొచ్చింది. వాచీ విప్పి బల్ల మీద పెట్టింది.

"తీసేసుకో. ఇంక నాకక్కర్లేదు."

"మళ్ళీ అబద్ధాలాడిందా?"

"లేదు. నిజమే చెప్పింది. నాన్న నాకు పెట్టిన రెండు గంటల లోపల రాలేకపోతున్నానని. పరీక్షకి వెళ్తానని నాన్నని అడిగాను. ఇంకా తయారు కాలేదమ్మా అన్నాడు." ఆమె తడి జుట్టు వెనక్కి తోసుకుంది. "అన్నయ్యకీ అదే మాట, అదే గొంతుతో. నకురు పట్నంలో హోటల్లో పని ఉందని పిన్ని ఎప్పటి నుంచో రమ్మంటోంది. పోతాను. నాలో లేదు కిగెన్. మా ఇంట్లో ఎవరిలోనూ లేదు."

బయట రేకుల మీద వాన మోగుతోంది. కిగెన్ వాచీ చేతిలోకి తీసుకున్నాడు. ఈమె నకురు వెళ్ళిపోతే తను తట్టుకోగలడా అన్నది ఒక బాధ. కానీ 'నాలో లేదు' అని నమ్ముతూ వెళ్ళిపోతుందే, అది అంతకంటే పెద్ద బాధ. ఇంక దాచలేకపోయాడు.

"ఉంది. నీలో ఉంది. మీ రాళ్ళు తప్పు, జెరోప్. ముందు మూడు వాచీలూ చెప్పిందే నిజం. నువ్వు పరిగెత్తేది ముప్పై కాదు, ముప్పై ఒకటిన్నర. కింద మలుపు దగ్గరే నీ ముప్పై అయిపోతోంది. రెండు గంటల లోపలే."

"ఏం మాట్లాడుతున్నావ్?"

చక్రం సంగతి చెప్పాడు. ఆమె మొహంలో మొదట వెలుగొచ్చింది. నిజంగానా, అని కళ్ళు పెద్దవి చేసింది. కిగెన్ ఆ వెలుగుని చూస్తూనే ఉన్నాడు, అది ఎక్కడ ఆగుతుందో తెలిసి. ఆగింది. ఆమె మెల్లగా బల్ల అంచు పట్టుకుంది.

"అంటే... అన్నయ్య..."

కిగెన్ తల దించుకున్నాడు.

"అన్నయ్య మలుపు దగ్గరకి టైముకొచ్చేవాడు. ప్రతిసారీ. నాన్నే చెప్తాడుగా." ఆమె నేల మీద కూలబడింది. "వాడు గెలిచాడు కిగెన్. గెలిచి, గెలవలేదనుకుని చచ్చిపోయాడు."

కిగెన్ పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేయబోయాడు. ఆమె తోసేసింది.

"నీకెప్పటి నుంచి తెలుసు?"

"మీ ఇంట్లో టీ తాగిన రోజు నుంచి."

"మరి ఈ బూడిద వాచీ?"

"నేనే మార్చాను. మీ నాన్నని చూసి... ఆయన తట్టుకోలేడని..."

"నన్ను చూసి ఏమనిపించలేదా? ఇన్నాళ్ళూ నా ముందు పరిగెత్తావు. ఆ ఎత్తు మీద నేను ఏడవడం చూశావు." ఆమె లేచి నిలబడింది. "నాన్న తెలియక చేశాడు. నువ్వు తెలిసి చేశావు."

"జెరోప్, నేను నిన్ను ప్రేమి..."

"ఆ మాట ఇప్పుడనకు. బాగుండదు." గుమ్మం దగ్గర ఆగింది. "నాన్నకి చెప్పకు. అది మాత్రం నువ్వన్నది నిజమే, ఆయన తట్టుకోలేడు."

వానలోకి వెళ్ళిపోయింది. వాచీ తీసుకెళ్ళలేదు.

*

పరీక్ష రోజున కుందేలు పని కిగెన్‌దే. ముందే ఒప్పుకున్నాడు, తప్పించుకోవడానికి లేదు. ఊరి తారు రోడ్డు మీద, టేపు పెట్టి కొలిచిన ముప్పై. జెరోప్ నాన్నకి చెప్పకుండానే వచ్చింది. చేతికి వాచీ లేదు. కిగెన్ వెనకే పరిగెత్తింది, అతని నీడ తొక్కేంత దగ్గరగా, ఒక్క మాట లేకుండా. అతను వెనక్కి చూడలేదు. చూసే హక్కు పోయిందనుకున్నాడు. ఆఖర్న పక్కకి తప్పుకున్నప్పుడు ఆమె అతన్ని దాటి, మిగతా పిల్లలందర్నీ వదిలేసి, ఒంటరిగా గీత దాటింది. ఎంచుకున్నవాళ్ళలో మొదటి పేరు ఆమెదే. జనం ఆమె చుట్టూ మూగారు. కిగెన్ రోడ్డు పక్కన నిలబడి చప్పట్లు కొట్టి, ఇంటికొచ్చేశాడు.

రెండు రోజుల తర్వాత కొట్టు గుమ్మంలో అరప్ తలాం మాస్టారు నిలబడి ఉన్నారు. తెల్ల చొక్కా మెడ గుండీ ఊడిపోయి ఉంది, ఆయన చూసుకోలేదు.

"ఒక వాచీ కావాలబ్బాయ్."

"కూర్చోండి మాస్టారూ. ఎలాంటిది కావాలి?"

"నిజం చెప్పేది." ఆయన కూర్చోలేదు. "మా అమ్మాయి నెగ్గింది. సంతోషమే. ఎలా నెగ్గావమ్మా అంటే, ఆ రోజు గాలి బాగుంది నాన్నా అంది. వారంలో ఎవరికీ అంత వేగం రాదు. పిల్లలు తప్పుడు లెక్క చేసి సరైన జవాబు తెస్తే నేనొప్పుకునేవాణ్ణి కాదు, ఎక్కడ తప్పిందో వెతికేవాణ్ణి. నిన్న కొట్టంలోకి వెళ్ళి రెండు చక్రాలకీ టేపు పెట్టాను." జేబులోంచి ఆ టేపు తీసి బల్ల మీద పెట్టారు. "నీకు తెలుసు కదూ?"

"తెలుసు మాస్టారూ."

"చెట్లన్నావు."

"తప్పయింది."

"నువ్వు నా మీద జాలిపడ్డావు. నాకు జాలి వద్దు. ఆ ముప్పై ఎక్కడ అయిపోయిందో చూపించు. వాడు ఎక్కడ గెలిచాడో నా కాళ్ళతో నిలబడి చూడాలి."

*

మర్నాడు పొద్దున కిగెన్ గేటు దగ్గర పరుగు మొదలుపెట్టాడు. చేతికి అదే బూడిద వాచీ, పొదుపు తీసేసి. వెనక మోటార్ సైకిల్ మీద మాస్టారు, ఆయన వెనక జెరోప్. ఆమె ఒళ్ళో ముర్సిక్ నింపిన సొరకాయ బుర్ర. పందెం గెలిచి వచ్చినవాళ్ళకి మావాళ్ళు బుర్రలో పులియబెట్టిన పాలు తాగించి ఇంట్లోకి పిలుస్తారు. కూతురి కోసం పులియబెట్టించిన పాలు అవి. ఆమెకి అవి ఇంకా తాగించలేదు.

తెల్ల రాళ్ళు ఒక్కొక్కటే వెనక్కి పోయాయి. ప్రతి రాయీ రాక ముందే వాచీ మోగడం మాస్టారికీ వినిపిస్తూనే ఉంది. సన్నగా తుంపర మొదలైంది.

కింద మలుపు దగ్గర నీలగిరి చెట్ల వరస అయిపోతుంది. అక్కడి నుంచి చూస్తే పైన ఎత్తు మీద గేటు, గేటు పక్కన తెల్ల చుక్కలా ముప్పయ్యో రాయి. కిగెన్ మణికట్టు మీద వాచీ వణికింది. అతను ఆగిపోయాడు.

మాస్టారు బండి ఆపి దిగారు.

"ఇక్కడికా?"

"ఇక్కడికే మాస్టారూ."

ఆయన పైకి చూశారు, గేటు వైపు. తను రోజూ నిలబడిన చోటు ఇక్కడి నుంచి ఎంత దూరమో మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. తర్వాత కింద తన కాళ్ళ దగ్గర నేల చూశారు.

"ఎర్ర చొక్కా," అన్నారు. "ఇక్కడే కనిపించేది. పైనుంచి గుండె లేదురా నీకు అని అరిచేవాణ్ణి. వాడికి వినిపించేది, జెరోప్. వినిపించి తల వంచుకుని ఎక్కేవాడు."

జెరోప్ తండ్రి చెయ్యి రెండు చేతులా పట్టుకుంది. ఆయన ఏడుస్తున్నారో, తుంపరో తెలియలేదు. చాలాసేపటికి చెయ్యి విడిపించుకుని బుర్ర అడిగి తీసుకున్నారు. మూత తీసి, కొంచెం పాలు ఆ మలుపు మట్టి మీద పోశారు.

"వచ్చేశావురా కిమేలీ," అన్నారు. "చాలు నాన్నా. ఇంక పరిగెత్తకు."

జెరోప్ వెక్కి వెక్కి ఏడ్చింది. కిగెన్ అలవాటు కొద్దీ రెండడుగులు పక్కకి తప్పుకుని గడ్డిలో నిలబడ్డాడు. మాస్టారు బుర్రలో పాలు కూతురికి తాగించి, ఇటు తిరిగారు.

"అక్కడ నిలబడ్డావేం? ఇలా రా. తాగు."

"నాకెందుకు మాస్టారూ, నేను కుందేల్ని."

"ఇవాళ చివరిదాకా వచ్చావుగా. తాగు." అతను తాగేదాకా చూసి, మూతి తుడుచుకోమని సైగ చేశారు. "మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరు?"

"మేనమామ."

"ఒకసారి పంపించు. ఏం పని మీద వచ్చారని అడుగుతాను. తెలిసినా అడుగుతాను. అది మన పద్ధతి." అని, జవాబు కోసం ఆగకుండా బండి తోసుకుంటూ ఎత్తు ఎక్కడం మొదలుపెట్టారు. స్టార్టు చేయలేదు. ఆ దూరమంతా నడిచే వెళ్ళారు.

ఇద్దరే మిగిలారు. వాన పెద్దదైంది.

"నేను నిన్నింకా క్షమించలేదు," అంది జెరోప్ ముక్కు తుడుచుకుంటూ.

"తెలుసు."

"క్యాంపుకి పోతున్నాను. ఎప్పుడొస్తానో తెలీదు."

"ఎదురుచూడ్డం నాకు పుట్టుకతోనే వచ్చింది."

ఆమె అతని చెయ్యి లాగి, వాచీ విప్పి తన మణికట్టుకి కట్టుకుంది. పట్టీ వదులైంది, ఇంకో చిల్లుకి జరిపింది. "ఆ పొదుపు ఎక్కడుందో చూపించు," అంది. చూపించాడు. "ఇంకెప్పుడూ దాన్ని ముట్టుకోకు. నేను ఏడ్చినా సరే."

"నువ్వు ఏడ్చినా సరే."

ఆమె అతని చెయ్యి వదల్లేదు. అలాగే పట్టుకుని ఎత్తు ఎక్కించింది. పైన మాస్టారు గడ్డపారతో ముప్పయ్యో రాయిని పెకలిస్తున్నారు. సాయం పట్టబోతే వద్దన్నారు గానీ, ఆయన వల్ల కాలేదు. ముగ్గురూ కలిసి దాన్ని కిందికి దొర్లించుకొచ్చి మలుపు దగ్గర పాతారు. దొర్లి దొర్లి రాయి మట్టికొట్టుకుపోయింది. మాస్టారు సున్నం డబ్బా తెప్పించుకుని బురదలో కూర్చున్నారు.

"వాన తగ్గాక పూద్దాం నాన్నా," అంది జెరోప్.

ఆయన వినిపించుకోలేదు. పూసిన సున్నం పూసినట్టే వాన కడిగేస్తోంది. ఆయన మళ్ళీ పూస్తున్నారు.